వెళ్లలేనివాళ్లను లెక్కపెట్టే మిషన్ ఎక్కడుంది? తనామి రోడ్డు అసలు గొడవ

బండ్లు తిరగక రోడ్డు పాడైందా? రోడ్డు పాడై బండ్లు తిరగట్లేదా?

ముందు దీనికి జవాబు చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆస్ట్రేలియా ఎడారిలోని తనామి రోడ్డుకు తారు వేయడం మీద పోయిన వీడియో పెడితే, దాని కింద కామెంట్లన్నీ ఒకటే పాట. "నాలుగు బండ్లు తిరిగే మట్టిరోడ్డుకు వందల మిలియన్ల డాలర్లా? మా ట్యాక్స్ డబ్బండీ అది!" అని. రాసినవాళ్లలో మెల్‌బోర్న్‌లో, పెర్త్‌లో ఉండే మనవాళ్లే ఎక్కువ. మీ ట్యాక్సే, కాదనను. కానీ ఆ నాలుగు బండ్ల లెక్క ఉందే, అదే పెద్ద అన్యాయం.

తనామి రోడ్డు తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం దాటాక స్టువర్ట్ హైవే నుంచి చీలి, ఎడారిలో పడి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోయి, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో హాల్స్ క్రీక్ దగ్గర తేలుతుంది. దారిలో వార్ల్‌పిరి అనే ఆదివాసుల ఊరు యుఎండుము. అటు చివర బాల్గో, ములాన్, బిల్లిలూనా అనే ఆదివాసుల ఊళ్లు. తారు కొంత దూరమే. ఆ తర్వాత ఇనుపరేకుల కప్పు మీద కారు తోలినట్టు దడదడదడ. గోధుమపిండి కన్నా మెత్తటి దుమ్ము గుంతల్ని కప్పేస్తుంది, బుల్‌డస్ట్ అంటారు. కింద ఎంత లోతుందో చక్రం దిగేదాకా తెలీదు. ఎదురుగా యాభై మీటర్ల పొడవున్న రోడ్ ట్రైన్, అంటే వెనక ట్రైలర్లు తగిలించుకున్న లారీ, వస్తే కాసేపు ఏమీ కనపడదు, బండి పక్కకు తీసి ఆపుకోవడమే. వాన పడిందా, దారి మూసేస్తారు.

ఇలాంటి రోడ్డు పక్కన నిలబడి "ఎన్ని బండ్లు వెళ్లాయి?" అని లెక్కపెడతారా! వెళ్లిన బండి లెక్కలోకొస్తుంది. వెళ్లలేక ఇంట్లో ఆగిపోయిన మనిషి రాడు. వెళ్లలేనివాళ్లను లెక్కపెట్టే మిషన్ ఎక్కడుందండీ?

కిడ్నీ రోగుల సంగతే తీసుకోండి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు. యుఎండుము నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కు దాదాపు 290 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు పోయి రాగలరా? అందుకే ఆ ఎడారి ఊళ్ల పెద్దలు ఊరొదిలి, బంధువులనొదిలి, ఆలిస్‌లోనే ఉండిపోయారు. చాలామంది పుట్టిన నేలకు దూరంగానే చనిపోయారు. చివరికి 2000లో పింటుపి అనే ఆదివాసి తెగ చిత్రకారులు ఏం చేశారో తెలుసా? తమ బొమ్మలు సిడ్నీలో వేలానికి పెట్టి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. దాంతో 2004లో కింటోర్ అనే ఊళ్లో డయాలసిస్ మొదలైంది. ఇవాళ్టి పర్పుల్ హౌస్ అనే డయాలసిస్ సంస్థ అదే, తర్వాత యుఎండుముకూ వచ్చింది. రోగి మిషన్ దగ్గరికి పోలేకపోతే, మిషన్‌నే రోగి దగ్గరికి తెచ్చుకున్నారు, బొమ్మలేసి! నాకైతే ఇది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ముసలివాళ్ల ప్రయాణాలు ఏ ట్రాఫిక్ లెక్కలో ఉన్నాయి?

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. అదే ఎడారిలో గ్రానైట్స్ బంగారు గని. పనివాళ్లు విమానంలో దిగుతారు. గనికి కరెంటు కావాలి, కరెంటుకు గ్యాస్ కావాలి. 440 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు, 2019కల్లా అయిపోయింది. ఎడారే అడ్డమైతే పైపుకు ఎందుకు అడ్డం కాలేదు?

ఇంకోటి. 2023 జనవరి వరదల్లో వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ వంతెన కూలింది. పెద్ద హైవే అది. లారీలు సౌత్ ఆస్ట్రేలియా మీదుగా వేల కిలోమీటర్లు చుట్టు తిరగాల్సొచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌కల్లా కొత్త వంతెన తెరిచారు. శభాష్, ఆ పని చేసినవాళ్లకు దండం. కానీ నా అనుమానం అక్కడే గట్టిపడింది. సరుకు ఆగితే నెలల్లో వంతెన లేస్తుంది, మనుషులాగితే దశాబ్దాలు పడుతుంది. డబ్బుల్లేక కాదు, మనుషులు లెక్కలో లేక!

లెక్కలో లేకపోవడం వాళ్లకు కొత్త కూడా కాదు. దేశ జనాభా లెక్కలో ఆదివాసులను కలపొద్దని ఆస్ట్రేలియా రాజ్యాంగంలోనే రాసి ఉండేది, 127వ సెక్షన్. 1967 రిఫరెండంలో 90 శాతానికి పైగా జనం ఓటేస్తేనే అది పోయింది. రాజ్యాంగంలోంచి పోయింది గానీ, రోడ్ల ఆఫీసుల ఫైళ్లలో ఇంకా బతికే ఉందంటాను నేను.

మనకు తెలియని జబ్బా ఇది? గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదానంలో 500 మంది, గిరిజన ప్రాంతంలో 250 మంది ఉన్న ఊరికే రోడ్డన్నారు. పాడేరు కొండల మీద అరవై మంది ఉన్న గూడెం ఏమైపోవాలి? డోలీయే గతి.

"తారు పడితే మద్యం కూడా వస్తుంది, పవిత్ర స్థలాలు పాడవుతాయి" అని ఒకాయన రాశారు. నిజమైన భయమే. కానీ ఆ మాట చెప్పాల్సింది ఆ ఊళ్ల పెద్దలు. దారి ఎటు తిప్పాలో, ఎక్కడ తవ్వకూడదో వాళ్లనే అడగండి. వాళ్ల పేరు చెప్పి రోడ్డు ఆపే హక్కు మనకెవరిచ్చారు?

వందల మిలియన్లు ప్రకటించారు, ముక్కలు ముక్కలుగా తారు పడుతోంది. ఆ ముక్క ఏ ఊరి దాకా వచ్చిందో, ఏ గని దాకా వచ్చిందో నేను చూస్తూనే ఉంటాను. నార్తర్న్ టెరిటరీలో లారీలు తోలే తమ్ముళ్లు, ఊళ్లలో పనిచేసే నర్సక్కలు మన ఛానల్ చూస్తుంటే, ఈ వానాకాలంలో దారి ఎన్ని రోజులు మూశారో, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో కింద రాయండి. వెళ్లలేనివాళ్ల లెక్క ఇక్కడే మొదలుపెడదాం.