షేర్లు విడతలుగా అమ్మితే పన్ను లెక్క ఎలా?

శ్రోతలకు నమస్కారం. ఒకే కంపెనీ షేర్లు రెండు మూడు విడతల్లో కొని, అవసరం పడ్డప్పుడల్లా కొన్ని కొన్ని అమ్ముకునేవారు చాలామందే ఉంటారు. వీళ్ళు ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే. కొన్న ధరలన్నీ కలిపి సగటు తీసి, దాని మీద లాభం కట్టేస్తారు. మన ఆదాయపు పన్ను చట్టానికి ఆ సగటుతో పని లేదు. డీమ్యాట్ ఖాతాలోకి, అంటే షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతాలోకి, ముందు వచ్చిన షేరే ముందు అమ్ముడైనట్టు లెక్క.

కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. 2023 జూన్‌లో వంద షేర్లు 200 రూపాయల చొప్పున, 2024 ఫిబ్రవరిలో మరో వంద 300 చొప్పున, 2025 మార్చిలో ఇంకో వంద 400 చొప్పున కొన్నారు. 2025 ఆగస్టులో 150 షేర్లు 500 చొప్పున అమ్మారు. సగటు 300 కదా, లాభం 30 వేలే అనిపిస్తుంది. కాదు. మొదటి వంద మీద 30 వేలు, రెండో విడతలోని 50 మీద 10 వేలు, వెరసి 40 వేలు. అన్నీ ఏడాది దాటినవే కనుక దీర్ఘకాలిక లాభం.

డిసెంబరులో మరో వంద 450 చొప్పున అమ్మారనుకుందాం. తికమక ఇక్కడే. వాటిలో 50 రెండో విడతలో మిగిలినవి, వాటి మీద దీర్ఘకాలిక లాభం 7,500. తక్కిన 50 మార్చిలో కొన్నవి, ఏడాది నిండలేదు. వాటి మీద వచ్చిన 2,500 స్వల్పకాలిక లాభం. అమ్మింది ఒకే ఆర్డరులోనైనా రిటర్న్‌లో రెండు చోట్ల చూపాలి. 2024 జూలై 23 నుంచి, ఎక్స్ఛేంజీలో అమ్మిన షేర్ల స్వల్పకాలిక లాభం మీద పన్ను 20 శాతం. దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి లక్షా పాతిక వేలు పోగా మిగిలినదానికి పన్నెండున్నర శాతం.

విడతలుగా అమ్మడంలోని అసలు లాభం ఆ లక్షా పాతిక వేలలోనే ఉంది. ఏ ఆర్థిక సంవత్సరం మినహాయింపు ఆ సంవత్సరానికే, వాడుకోకపోతే పోయినట్టే. రెండున్నర లక్షల దీర్ఘకాలిక లాభం ఒక్క మార్చిలోనే తీసుకుంటే పన్ను 15,625, దాని మీద 4 శాతం సెస్సు. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో తీసుకుంటే, ఆ రెండేళ్ళలో ఇలాంటి లాభం మరేదీ లేకపోతే, అసలు పన్నే పడదు. ధర నిలకడగా లేని షేరుకు మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోవద్దు. నెల రోజుల్లో పడే ధర ముందు ఈ పన్ను ఏపాటిది?

కంపెనీ ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లకు కొన్న ధర సున్నా, ఏడాది లెక్క కేటాయించిన రోజు నుంచి. రెండు డీమ్యాట్ ఖాతాలుంటే ఏ ఖాతా వరుస దానిదే. బ్రోకరేజీని లాభంలోంచి తీసేయవచ్చు, షేర్ల లావాదేవీ మీద పడే పన్నును, అంటే ఎస్‌టీటీని, తీసేయకూడదు. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోనే సర్దుకోవాలి, స్వల్పకాలిక నష్టాన్ని రెండింటిలోనూ సర్దుకోవచ్చు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళాలంటే రిటర్న్ గడువులోగా వేసి తీరాలి.

అమ్మిన ప్రతిసారీ మిగిలిన వాటిని ఒక వరుసలో రాసి పెట్టుకోండి. మన ఉదాహరణలో ఇప్పుడు ఉండాల్సిన వరుస ఇదీ: 2025 మార్చి, 50 షేర్లు, ధర 400.