20వ తారీఖు మారలేదు

శ్రోతలకు నమస్కారం.

మాది నల్లగొండ. 2006 నుంచి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూసేదాన్ని. 2013లో మానేశాను. అప్పుడు చిన్నవాడు కడుపులో ఉన్నాడు. అదే ఏడు మా మామయ్యకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ప్రసూతి సెలవు ఆ రోజుల్లో 12 వారాలే, 26 వారాలు అయింది 2017లో. నాకైతే ఆ 12 వారాల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాదో రెండేళ్లో ఇంట్లో ఉంటాననుకుంటే పదేళ్లయింది. 2023 జూన్‌లో మళ్లీ మిల్లు గేటు దాటాను. పాత మిల్లు కాదు, అదే ఊళ్లో వేరేది.

నేను మానేసిన నాటికి మనది ఆంధ్రప్రదేశ్. తిరిగి వెళ్లేసరికి తెలంగాణ వచ్చి తొమ్మిదేళ్లు. నల్లగొండ జిల్లా మూడు జిల్లాలయింది. నేను నెలనెలా నింపిన వ్యాట్ 200 అనే అమ్మకం పన్ను ఫారం 2017 జులై 1న జీఎస్టీ రాగానే మూలకు పోయింది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ఈఆర్‌పీ 9 పోయి టాలీ ప్రైమ్ వచ్చింది. ఆఖరికి బియ్యం బస్తా బరువు కూడా మారింది. మొదటి రోజు బిల్లులో 25 కిలోలని కొట్టాను. పక్క సీటు పిల్లవాడు, మా పెద్దోడికి అన్నలా ఉంటాడు, "మేడమ్, ఇరవై ఆరు" అన్నాడు. నేను బిత్తరపోయి చూస్తుంటే నవ్వి చెప్పాడు. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి అమ్మే బియ్యం ప్యాకెట్ 25 కిలోలు, ఆ లోపు ఉంటే 5 శాతం జీఎస్టీ. 25 దాటితే లేదు. అందుకని ఒక కిలో ఎక్కువ పోసి 26 కిలోల బస్తా కుడుతున్నారు. ఆ బియ్యమే మా ఇంట్లో ఏడాదిగా వండుతున్నాను. బస్తా మీద అంకె ఒక్కనాడూ చూడలేదు!

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, ఇది నాతోని కాదనుకున్నాను. రెండు వారాలు అదే టెన్షన్.

మూడో వారం తవుడు అమ్మకాల లెక్క చూస్తున్నాను. ఒక లోడు రెండుసార్లు ఎక్కింది. తేదీలు వేరు, పార్టీ పేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉంది కాబట్టి కంప్యూటర్‌కు అవి రెండు లోడులు. కానీ లారీ తూచే వేబ్రిడ్జి చీటీ నంబరు ఒక్కటే. పాత రోజుల్లో చీటీ నంబరు మీద వేలు పెట్టుకుంటూ పోవడం నాకు అలవాటు. అదే వేలు, అదే పని. "ఎట్ల పట్టుకున్నరు మేడమ్?" అన్నాడు పిల్లవాడు. వడ్లు ఎన్ని వచ్చాయి, బియ్యం ఎంత, నూకలు ఎంత, తవుడు ఎంత అన్న లెక్క వ్యాట్ ఉన్నా జీఎస్టీ ఉన్నా ఒక్కటే. సర్కారు వడ్లు మరాడిస్తే క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, ఉప్పుడు బియ్యమైతే 68. ఆ అంకెలు నా నోట్లో అలాగే ఉన్నాయి. ఇంకో సంగతి చెప్తే నవ్వుతారు. వ్యాట్ 200 వేయాల్సిన ఆఖరి రోజు నెలకు 20వ తారీఖు. ఇప్పుడు మేం నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్ 3బి కూడా 20వ తారీఖే. చట్టం మారింది కానీ, ఆ తారీఖు మారలేదు.

ఇక ఇంటర్వ్యూల సంగతి. మొదటి చోట "గ్యాప్ ఎందుకొచ్చింది?" అని అడిగితే మామయ్య జబ్బు మొదలుకొని ఆయన 2021లో పోయేదాకా అంతా చెప్పుకొచ్చాను. ఎదుటి మనిషి మధ్యలోనే ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. రెండో చోట, పదేళ్ల కింద నేను తీసుకున్న 8,000కు కూడా వెయ్యి తక్కువ ఇస్తానన్నారు. "ప్రాక్టీస్ పోయింది కదమ్మా" అట. లేచి వచ్చేశాను. మూడో చోట ఒక్క ముక్కలో చెప్పాను: "ఇంట్ల పేషెంటు ఉండె సార్, నేనే చూసుకున్న. ఇప్పుడు ఆ పని లేదు. జీఎస్టీ రిటర్నులు వేస్తున్న." అంతే, ఆయన జబ్బు గురించి అడగలేదు, రిటర్నుల గురించే అడిగాడు.

ఆ ఆఖరి మాట చెప్పగలగడానికి నేను ప్రకాశం బజార్లో తెలిసిన ఆడిటర్ ఆఫీసులో రెండు నెలలు జీతం లేకుండా కూర్చున్నాను. కోర్సులు చేసి సర్టిఫికెట్లు తెచ్చుకునేవాళ్లను తప్పుపట్టను. కానీ నా మటుకు ఒక ఆఫీసులో నిజం బిల్లులు ముందేసుకుని తిట్లు తింటూ నేర్చుకున్నదే పనికొచ్చింది. జీతం మాత్రం, "మూడు నెలలు చూసి పెంచుతాం" అంటే ఎంత పెంచుతారో కాగితం మీద రాయించుకోండి. నేను రాయించుకున్నాను. ఆ కాగితం తీయాల్సిన అవసరం కూడా పడింది.

పాత కాగితాలు పారేయకండి. పాత మిల్లులో నాకు పీఎఫ్ కట్టేవారు. పాత పే స్లిప్ మీద ఆ నంబరు దొరికింది కాబట్టి ఖాతాను ఇప్పటి యూఏఎన్ కిందికి, అంటే ఉద్యోగం మారినా ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు కిందికి మార్పించుకోగలిగాను. పీఎఫ్ పెన్షన్‌కు మొత్తం పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో పెన్షన్ డబ్బు తీసుకోకపోతే ముందటి సర్వీసు కూడా అందులో కలుస్తుంది. నావి అప్పటికే ఏడేళ్లు ఉన్నాయి. మా తోటికోడలిది ఇంకో కథ. 2012లో టీచర్ ఉద్యోగానికి కావలసిన టెట్ పరీక్ష పాసై, ఏడేళ్లకు చెల్లకుండా పోయిందని సర్టిఫికెట్‌ను బీరువా అడుగున వేసింది. 2021లో కేంద్రం దాన్ని జీవితాంతం చెల్లేటట్టు మార్చింది, 2011 నుంచి పాసైనవాళ్లందరికీ. ఆ సంగతి ఆమెకు తెలిసింది మొన్నమొన్ననే.

ఇల్లు సంగతి చెప్పకుండా లేస్తే మీరు ఊరుకోరు. నేను ఉద్యోగం అనగానే మా అత్తమ్మ, "పోతే పో బిడ్డా. గని పొద్దుగాల నల్లా వస్తే నీళ్లెవరు పడ్తరు?" అంది. నవ్వుతూనే అంది కానీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. నేను బస్సెక్కే టైముకే మా వీధిలో నల్లా వస్తుంది. ఉద్యోగంలో చేరాక చూసుకుందాం అనుకోకుండా, చేరే ముందు ఆదివారమే కూర్చుని నీళ్లు ఎవరు, పాలు ఎవరు, చిన్నోడి టిఫిన్ డబ్బా ఎవరు అని పంచుకున్నాం. పాలు మా ఆయన వంతు. మొదటి వారంలో మూడుసార్లు పొంగి స్టవ్ ఆరిపోయింది. నేను చూసీ చూడనట్టు చెప్పులేసుకుని బయటపడ్డాను.

మొదటి ఆరు నెలలు బస్సు చార్జీలకే జీతంలో కొంత పోయేది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చి, పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్ అయింది. ఆధార్ చూపిస్తే చాలు. సీటు దొరకడం మాత్రం కష్టమైంది. తిప్పర్తి దాకా నిలబడే పోతాను, అక్కడ ఎవరైనా దిగితే కూర్చుంటాను.

రేపు 20వ తారీఖు. రెండు పార్టీల బిల్లులు ఇంకా సరిపోలలేదు. పొద్దున ఏడింటి బస్సు అందుకోవాలి. ఉంటాను మరి, నమస్కారం.