కెన్ డాడ్: నవ్వుకి లెక్క రాసిన మనిషి

మిత్రులందరికీ నమస్కారం.

బ్రిటన్ హాస్యగాడు కెన్ డాడ్ ఫొటో చూస్తే ముందు వేషమే కంటపడుతుంది. నిక్కబొడుచుకున్న జుట్టు, ఎత్తు పళ్లు, చేతిలో రంగురంగుల ఈకల కుంచె. చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే పళ్లు అలా అయ్యాయి. ఆయన దాచుకోలేదు, వాటినే తన గుర్తు చేసుకున్నారు. కానీ వేషం దగ్గరే ఆగిపోతే ఆయన పనితనం మనకి దొరకదు.

1927లో లివర్‌పూల్ శివారు నాటీ యాష్‌లో పుట్టారు. తండ్రిది బొగ్గు వ్యాపారం. 14 ఏళ్లకే బడి మానేసి అందులో దిగారు. తర్వాత ఆయన సృష్టించిన డిడ్డీ మెన్ అనే బుల్లి మనుషులు ఆ నాటీ యాష్‌లోనే గనుల్లో పనిచేస్తారు. తవ్వేది మాత్రం బొగ్గు కాదు, జామ్ రాసిన రొట్టెలు! బొగ్గు బస్తాల మధ్య పెరిగినవాడికే తట్టే ఊహ అది.

1954లో నాటింగ్‌హామ్‌లో వృత్తి కళాకారుడిగా తొలిసారి వేదికెక్కారు. 1965లో లండన్ పలాడియం థియేటర్‌లో 42 వారాల పాటు ఆడారు. ఆ ఏడాదే ఆయన పాడిన ‘టియర్స్’ పాట బ్రిటన్ పాటల జాబితాలో 5 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆయన ఊరు లివర్‌పూల్‌కే చెందిన బీటిల్స్ బృందం ఏలుతున్న రోజుల్లో, బ్రిటన్‌లో ఆ సంవత్సరం ఎక్కువగా అమ్ముడైన రికార్డు ఈ హాస్యగాడిది!

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆయన నోటుబుక్కులు. ఏ ఊళ్లో ఏ జోకు పేలిందో, ఏది చప్పబడిందో ఆటయ్యాక రాసుకునేవారు. ఒక ఊళ్లో పొట్టచెక్కలయ్యే మాట ఇంకో ఊళ్లో నీరుగారిపోతుంది. అందుకే దేశానికంతటికీ నవ్వుల పటం గీసుకున్నారు. నవ్వు మీద మనస్తత్వవేత్త ఫ్రాయిడ్ రాసింది కూడా చదివారు. చదివి, శనివారం రాత్రి స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఎంపైర్ థియేటర్‌లో ఆడి ఉంటే ఆ పెద్దాయనకి అసలు సంగతి తెలిసేదన్నారు. ఇంగ్లండు నుంచి వచ్చిన హాస్యగాళ్లని వేదిక మీంచి ఇట్టే దింపేసే హాలని దానికి పేరుండేది.

ఆయన ఆట మొదలైతే అర్ధరాత్రి దాటేది. ఒక్కోసారి ఐదు గంటలు. కొందరికి అది అతి. నాకు మాత్రం టికెట్టు కొన్నవాడి పట్ల మర్యాద.

1989లో పన్ను ఎగవేత కేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డారు. 2017లో సర్ బిరుదు వచ్చింది. ఆ డిసెంబరులో, 90 నిండాక కూడా, లివర్‌పూల్‌లో ప్రదర్శన ఇచ్చారు. 2018 మార్చి 11న, పుట్టిన ఇంట్లోనే కన్నుమూశారు. దానికి రెండు రోజుల ముందే, దశాబ్దాలుగా తోడున్న ఆన్ జోన్స్‌ని పెళ్లాడారు.

ఇప్పుడు ఆయన ప్రదర్శన రికార్డింగు కాస్త చూద్దాం. లివర్‌పూల్ యాస అర్థం కాకపోయినా ఫర్వాలేదు. హాల్లో నవ్వు ఎక్కడ లేస్తుందో, అది పూర్తిగా తగ్గకముందే తర్వాతి మాట ఎలా అందుకుంటారో గమనించండి.