‘గెట్’ ఒక్కటే, అర్థాలెన్నో: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈరోజు ‘గెట్’ గురించి మీ సందేహాలకు ఇంగ్లిష్ లెక్చరర్ మేడమ్ జవాబిస్తారు. మొదటి కాలర్, చెప్పండి.

కాలర్ 1: నమస్తే మేడమ్. గెట్ అంటే పొందడం అని చదువుకున్నాం. మరి ‘గెట్ యాంగ్రీ’ అంటే కోపాన్ని పొందడమా?

మేడమ్: కోపం రావడం, అమ్మా. గెట్‌ను ఒంటరిగా చూడకండి, పక్కన ఏముందో చూడండి. ‘గెట్ ఎ లెటర్’ అంటే ఉత్తరం అందడం. పక్కన యాంగ్రీ, టైర్డ్ లాంటివి వస్తే అలా అయిపోవడం. ‘గెట్ హోమ్’ అంటే ఇల్లు చేరడం. ‘గెట్ మీ సమ్ వాటర్’ అంటే నీళ్లు తెచ్చిపెట్టమని.

యాంకర్: థాంక్యూ. తర్వాతి కాలర్.

కాలర్ 2: హలో... హలో, వినబడుతోందా అండీ?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్ 2: తగ్గించానండీ. మేడమ్, నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. చదివింది తెలుగు మీడియం, ఇంగ్లిష్ అంటే టెన్షన్. మా మేనేజర్ ఒక ఫైల్ గురించి అడిగి, ‘గెట్ బ్యాక్ టు మీ బై ఈవినింగ్’ అన్నారు. సరే అని సాయంత్రం వెళ్లి ఆయన క్యాబిన్ ముందు నిలబడ్డాను. ఫైల్ సంగతి ఏమైందంటే నా దగ్గర జవాబు లేదు. గెట్ బ్యాక్ అంటే తిరిగి రావడమే కదండీ?

మేడమ్: ఉత్త ‘గెట్ బ్యాక్’ అయితే అంతే. ‘గెట్ బ్యాక్ టు మీ’ అంటే కనుక్కుని నాకు చెప్పు అని. మెయిల్ పెట్టినా చాలు.

కాలర్ 2: ఇంకోసారి ‘గెట్ ఇట్ డన్’ అన్నారు. నన్నే చేయమన్నట్టా?

మేడమ్: ఎవరు చేసినా సరే, పని పూర్తవ్వాలి అని. మన ‘చేయించు’ ఉంది చూడండి, దానికి దగ్గర. ‘గెట్ హిమ్ టు డూ ఇట్’ అంటే అతనితో చేయించు. అక్కడ ‘టు’ మరవకండి. ‘మేక్ హిమ్ డూ ఇట్’ అన్నప్పుడు మాత్రం టు రాదు.

కాలర్ 2: సరే మేడమ్. అయితే ఆ గెట్ బ్యాక్ అన్నప్పుడు... నేను వెళ్లాలా, వద్దా?

మేడమ్: (నవ్వుతూ) జవాబు ముఖ్యం నాయనా! వెళ్లి చెప్తారో, ఫోన్‌లో చెప్తారో మీ ఇష్టం.

కాలర్ 2: ఒక్కటే ఒక్కటి. ‘ఐ గెట్ టు గో’, ‘ఐ గాట్ టు గో’ ఒకటేనా?

మేడమ్: కాదు. మొదటిది వెళ్లే అవకాశం దొరుకుతుందని. రెండోది మాటల్లో ఎక్కువగా ‘ఐ హావ్ గాట్ టు గో’కి పొట్టి రూపం, వెళ్లక తప్పదని. కానీ ‘ఐ గాట్ టు మీట్ హర్ లాస్ట్ ఇయర్’ అంటే ఆమెను కలిసే వీలు దొరికిందని. అందుకే పక్కన ఏముందో చూడమనేది!

యాంకర్: లైన్లో చాలామంది ఉన్నారండీ. తర్వాతి కాలర్.

కాలర్ 3: బస్సుకి గెట్ ఆన్, కారుకి గెట్ ఇన్ ఎందుకు?

మేడమ్: లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానానికి ఆన్. వంగి దూరి కూర్చునే కారుకి ఇన్. దిగేటప్పుడు గెట్ ఆఫ్, గెట్ అవుట్ ఆఫ్.

కాలర్ 4: ‘గాటెన్’ తప్పా మేడమ్?

మేడమ్: తప్పు కాదు, ‘హావ్’ పక్కన వచ్చే గాట్‌కి పాత రూపం. అమెరికాలో నిలిచింది, బ్రిటన్‌లో ఎక్కువగా గాట్ అనే అంటారు. అమెరికన్లకు ‘హావ్ గాట్’ అంటే నా దగ్గరుంది, ‘హావ్ గాటెన్’ అంటే నాకు వచ్చింది. అసలు గెట్ అనే మాటే ఉత్తర ఐరోపా వైకింగుల భాష ఓల్డ్ నార్స్ నుంచి వచ్చింది. ‘ఫర్‌గెట్’ అంతకుముందే ఇంగ్లిష్‌లో ఉంది. రెండిటికీ వేరు ఒకటే.

యాంకర్: మేడమ్, ఎక్కువ అర్థాలున్న మాట గెట్టేనా?

మేడమ్: కాదండీ. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ‘సెట్’కి అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది. 2011లో ‘రన్’ను సవరిస్తే ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి.

కాలర్ 5: మేడమ్, నిన్న మెసేజ్ పెట్టాను. డిడ్ యు గాట్...

మేడమ్: డిడ్ యు గెట్! డిడ్ వచ్చాక గాట్ ఏంటమ్మా? ఎన్ని కార్యక్రమాల్లో చెప్పాలి?

కాలర్ 5: సారీ మేడమ్. ఆఫీసు లెటర్‌లో గెట్ రాయొచ్చా?

మేడమ్: అక్కడ ‘రిసీవ్’ బాగుంటుంది. మాటల్లో అయితే గెట్టే హాయి, రిసీవ్ అంటే...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. థాంక్యూ.