ఒకే అర్ర ఉన్న ఇంట్లో కరోనా

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

కరోనా అనగానే మనకు ఆసుపత్రులు, ఆక్సిజన్ సిలిండర్లు, టీకాల క్యూలు గుర్తొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఇంటి లోపలి సంగతి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ పెట్టారు, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటి నుంచి టీవీలో, ఫోన్ కాలర్ ట్యూన్‌లో ఒకటే మాట: ఇంట్లోనే ఉండండి. జ్వరమొస్తే వేరే గదిలో పడుకోండి, వేరే బాత్రూం వాడండి. మంచి మాటే. కానీ మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వేరే గది ఉన్న ఇళ్లెన్ని? ఒక అర్ర, ఒక వంటిల్లు, ముందర రేకుల పందిరి. అందులోనే అత్త, మామ, ఇద్దరు పిల్లలు.

2021 మేలో మన నల్లగొండ జిల్లాలోనే ఒక తండాలో 18 ఏళ్ల కుర్రాడికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకే గది. ఇంటి ముందున్న చెట్టు మీద వెదురు బొంగులతో మంచె కట్టుకుని, 11 రోజులు దాని మీదే ఉన్నాడు. పేపర్లన్నీ ఆ కుర్రాడి తెలివిని మెచ్చుకున్నాయి. నాకు మాత్రం ఆ వార్త చదివితే గుండె తరుక్కుపోయింది. తల్లిదండ్రులకు అంటకూడదని చెట్టెక్కిన పిల్లాడికి ఊళ్లో ఒక్క గది దొరకలేదు కదా!

మిగతా ఇళ్లల్లో ఏం చేశారో మీకు తెలుసు. బర్రెల కొట్టంలో నులక మంచం వేసి, పాత చీర అడ్డం కట్టారు. గడప దగ్గర స్టీలు పళ్లెంలో అన్నం పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి "తిను" అని కేకేశారు. తిన్నాక ఆ పళ్లెం మీద మసిలే నీళ్లు పోశారు. ఉన్న ఒక్క మరుగుదొడ్డికి అందరూ పోయొచ్చాక, ఆఖరున జ్వరమొచ్చిన మనిషి పోయేది. వెనకనే బ్లీచింగ్ చల్లేవాళ్లు.

ఈ పనంతా చేసిందెవరు? ఆడవాళ్లే. కాన్పుకొచ్చిన బిడ్డ, బొంబాయి, పుణె నుంచి పని పోయి తిరిగొచ్చిన కొడుకు, బడి మూతపడ్డ మనవలు అందరూ ఒకే కప్పు కింద చేరారు. ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, తెల్ల కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది, అది చాలా ఆదుకుంది. కానీ ఆ బియ్యాన్ని పూటపూటకూ వండి పెట్టిన చేతుల లెక్క ఎవరూ రాయలేదు.

మరి ఆ ఇల్లాలే మంచాన పడితే? అక్కడ పదో తరగతి చదివే ఆడపిల్ల పొయ్యి దగ్గరికి పోయింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీవీలో, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు వచ్చాయి. లెక్కల పాఠం వచ్చే టైముకు ఆ పిల్ల బియ్యం కడుగుతూ ఉండేది. ఇంట్లో ఫోన్ ఒక్కటే అయితే అది తమ్ముడి చేతిలో ఉండేది. కొన్ని ఇళ్లల్లో "బడి ఎట్లాగూ లేదు, పెళ్లి చేసేద్దాం" అన్న మాట కూడా లేచింది. ఆ పిల్లలకు జరిగిన నష్టాన్ని ఏ బులెటిన్‌లోనూ చూపలేదు, అది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మన ఆశా అక్కల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 2021 మేలో ఎర్రటి ఎండలో ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేసి, మందుల కిట్ ఇచ్చారు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే ఆసుపత్రికి పొమ్మని చెప్పారు. వాళ్ల ఇళ్లల్లోనూ ఒకటే అర్ర, వాళ్లకూ చిన్న పిల్లలు. ఆ పిల్లల్ని ఎత్తుకోవడానికి కూడా భయపడుతూ బతికారు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ఇంకో మహమ్మారి వస్తే మన ఊళ్లో జ్వరమొచ్చిన మనిషి ఎక్కడ పడుకోవాలి? బడిలో రెండు గదులా, దగ్గర్లోని రైతు వేదికా? అక్కడ నీళ్లు, కరెంటు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉన్నాయా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అన్నం ఎవరు వండుతారు, వండినందుకు కూలి ఎవరిస్తారు? ఇవన్నీ పంచాయతీ తీర్మానంలో రాయించండి. పేరుపేరునా ఎవరి బాధ్యత ఏదో అందులో ఉండాలి.