పుట్టింట్లో పురుడు పోసుకున్నా కుంగుబాటు ఎందుకు?

(తెర మీద: గదిలో మంచం, పక్కన చీరతో కట్టిన ఉయ్యాల)

కాన్పుకు పుట్టింటికి తీసుకువెళతారు. కొన్నాళ్లు ఏ పనీ చెప్పరు. అమ్మ, పెద్దమ్మ, అమ్మమ్మ వంతులవారీగా బిడ్డను ఎత్తుకుంటారు. ఇలాంటి ఆచారాలున్న సమాజాల్లో ప్రసవానంతర కుంగుబాటు పెద్దగా ఉండదని 1980లలో కొందరు మానవశాస్త్రవేత్తలు వాదించారు. నమ్మడానికి మనకూ హాయిగానే ఉంటుంది.

లెక్కలు మాత్రం ఒప్పుకోలేదు.

(తెర మీద: 13 శాతం, 19.8 శాతం)

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద బాలింతల్లో సుమారు 13 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారు. వర్ధమాన దేశాల్లో అది 19.8 శాతం. దాదాపు ఐదుగురిలో ఒకరు! భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగడితే 22 శాతం తేలింది.

పురుడైన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాల్లో తగ్గిపోతుంది. మనం మాట్లాడుతున్నది తగ్గనిదాని గురించి. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టదు. అన్నం సహించదు. ఈ బిడ్డను పెంచడం నా వల్ల కాదనిపిస్తుంది. కొందరికి చనిపోవాలనీ అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లేమో దిష్టి తీసి ఊరుకుంటారు.

(తెర మీద: గోవా పటం)

గోవాలో 270 మంది తల్లులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 23 శాతం మందికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమంది గర్భంతో ఉన్నప్పుడే దిగులుతో ఉన్నవాళ్లు. డబ్బుకు కటకట, భర్తతో పొసగకపోవడం ముఖ్య కారణాలు. పుట్టింది ఆడపిల్ల అయితే ఆ భారం ఇంకా పెరిగింది. కాయం తినిపించే చేతులే “మళ్లీ ఆడపిల్లేనా” అని నుదురు కొట్టుకుంటే ఆ విశ్రాంతి ఎవరికి పనికొస్తుంది? పథ్యం ఒంటిని చూసుకుంటుంది, అంతే.

నష్టం తల్లితో ఆగదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో కుంగుబాటుకు గురైన తల్లుల పిల్లలు బరువులో వెనకబడ్డారు, విరేచనాలూ ఎక్కువగా వచ్చాయి.

దారి చూపించింది కూడా ఆ గ్రామాలే. అక్కడ మానసిక వైద్యుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు కాన్పుకు నెల ముందు నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా ఇంటికి వెళ్లి, తల్లితో కూర్చుని మాట్లాడారు. అందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. మానసిక చికిత్స అంటే అత్తగారు గుమ్మంలోనే ఆపేస్తారు. బిడ్డ ఎదుగుదల కోసం అంటే కుర్చీ వేస్తారు. అందుకే బిడ్డ పేరు చెప్పే మొదలుపెట్టారు.

(తెర మీద: 53 శాతం, 23 శాతం)

ఈ అధ్యయనంలోని తల్లులందరూ గర్భంతో ఉన్నప్పుడే కుంగుబాటు ఉన్నవాళ్లు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, ఈ సాయం అందని తల్లుల్లో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉన్నారు. అందినవాళ్లలో 23 శాతమే. 2008లో వచ్చిన ఈ ఫలితాల తరువాత, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే కరదీపికగా అన్ని దేశాలకూ అందించింది.

మీ ఇంట్లో బాలింత ఉంటే, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఆశా కార్యకర్తకో డాక్టరుకో చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలని ఉందన్న మాట వినబడితే మాత్రం రెండు వారాల లెక్క చూడవద్దు, ఆమెను ఒంటరిగా వదలవద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.