రోడ్డు తవ్వినవాడి పింఛను

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒక మనిషిని మీకు పరిచయం చేస్తాను. అతనికి పేరు పెట్టడం లేదు. ఒక్కడైతే పేరు పెట్టేవాణ్ణి. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసినవాళ్ల పింఛను కాగితాల్లో ఇలాంటివాళ్లు వేలమంది ఉన్నారు. కార్క్ జిల్లా పడమటి కొసన, రాళ్లూ బురదా కలిసిన కొద్దిపాటి నేలను నమ్ముకున్న చిన్న రైతు అనుకోండి. అది 1935వ సంవత్సరం. వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని సర్కారు ఫారం నింపుతున్నాడు. పార పట్టి కాయలు కాచిన చెయ్యి కదా, కలం ఓ పట్టాన సాగదు.

ఆ ఫారం అతని యవ్వనాన్ని ముక్కలు ముక్కలుగా కోసి అడుగుతుంది. ఫలానా ఏడాది ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏడాది మార్చి 31 వరకు ఏ దళంలో ఉన్నావు? నీ పై అధికారి ఎవరు? ఏ పోరాటంలో పాల్గొన్నావు? మళ్లీ తర్వాతి ఏడాది, మళ్లీ అవే ప్రశ్నలు. మన రైతు "రోడ్డు తవ్వాను" అని రాస్తాడు. కింద గడిలోనూ అదే. ఇంకా కింద "పైన చెప్పినట్టే" అని రాస్తాడు.

కథ కాస్త వెనక్కి తీసుకెళ్తాను. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు లేచింది. ఆరు రోజుల్లో అణిచేశారు, నాయకుల్ని కాల్చి చంపారు. ఇక్కడో చిన్న పక్కమాట. అప్పుడు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక తెలుగు కుర్రాణ్ణి ఆ ఏడే దేశం విడిచి పొమ్మన్నారు. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి అతను, తర్వాత మన రాష్ట్రపతి అయ్యాడు. సరే, అసలు యుద్ధం 1919 జనవరిలో మొదలై 1921 జూలై 11న సంధితో ఆగింది. అది పల్లెల్లో నడిచిన యుద్ధం.

ఆ యుద్ధంలో అందరూ చెప్పుకునే ఘట్టం అదే కార్క్ జిల్లాలోని కిల్‌మైకేల్. 1920 నవంబర్ 28న టామ్ బ్యారీ నాయకత్వంలో 36 మంది ఐరిష్ గెరిల్లాలు రైఫిళ్లతో దారికాచి, రెండు లారీల్లో వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వపు ఆగ్జిలరీ పోలీసుల మీద పడ్డారు. ఆగ్జిలరీల్లో 17 మంది, దళంలో ముగ్గురు చనిపోయారు. ఐర్లండ్ బడి పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

ఇలాంటి దళం నెలల తరబడి కొండల్లో తిరగాలంటే ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. తడిసిన బట్టలు ఆరబెట్టాలి. మేడమీద గదిలో, పశువుల కొట్టంలో పడుకోబెట్టి, తెల్లారేదాకా ఎవరో ఒకరు గుమ్మంలో మేలుకోవాలి. సైకిల్ మీద చీటీ పట్టుకెళ్లాలి, దారిలో పట్టుబడితే దాన్ని మింగెయ్యాలి. మిలిటరీ లారీలు రాకుండా రాత్రిపూట రోడ్డుకి అడ్డంగా గొయ్యి తవ్వాలి, చెట్లు నరికి పడెయ్యాలి. పొద్దున్నే సైనికులు వచ్చి అదే ఊరివాళ్లని తుపాకీ చూపించి ఆ గొయ్యి పూడ్పించేవారు. రాత్రికి వీళ్లే మళ్లీ తవ్వేవారు. మన తెలంగాణ సాయుధ పోరాటం గురించి పెద్దవాళ్ల దగ్గర విన్నవాళ్లకి ఈ పనులేవీ కొత్త కాదు.

1921 డిసెంబర్‌లో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది, ఆ ఒప్పందం మీదే పోరాటయోధులు రెండుగా చీలారు. 1922 జూన్ నుంచి 1923 మే దాకా ఒకే గూడులో పడుకున్నవాళ్లు ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నారు. 1924లో పింఛను చట్టం వచ్చింది, అయితే ఒప్పందాన్ని ఒప్పుకున్న కొత్త ప్రభుత్వ సైన్యంలో పనిచేసినవాళ్లకే. ఒప్పందాన్ని కాదని ఓడిన పక్షానికి పదేళ్లు ఏమీ లేదు. ఆ ఓడిన పక్షపు నాయకుడు డి వలేరా అధికారంలోకి వచ్చాక 1934లో రెండో చట్టం చేసి వాళ్లనీ, మహిళా సంఘం కుమన్ నా మాన్ సభ్యుల్నీ చేర్చుకున్నారు.

"ఆ ప్రభుత్వపు డబ్బు మాకొద్దు" అని భీష్మించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పౌరుషం ముప్పైల దశకంలో నిలబడ్డం కష్టమైంది. బ్రిటన్‌తో వాణిజ్య యుద్ధం వచ్చి పశువుల ధరలు కుప్పకూలాయి. లేగదూడల్ని సాకడం కంటే చంపి తోలు అప్పగిస్తే సర్కారు ఇచ్చే పైకమే మేలనే రోజులు. అలాంటి ఇంట్లో ఏడాదికి వచ్చే కొద్ది పౌండ్లకి కూడా విలువుంది.

రుజువులేవి? గెరిల్లా అన్నవాడు కాగితం దాచుకోడు, దొరికితే ప్రాణం పోతుంది గనక. అప్పట్లో ప్రాణం కాపాడిన జాగ్రత్తే ఇప్పుడు దరఖాస్తుని చంపుతోంది. సాక్షి కావాలి, అదీ పై అధికారి సాక్ష్యం కావాలి. అతను చనిపోయి ఉండొచ్చు, అమెరికా వెళ్లిపోయి ఉండొచ్చు. లేదా పొలం గట్టు అవతలే ఉండి, అంతర్యుద్ధంలో ఎదటి పక్షాన నిలబడినందుకు పదేళ్లుగా మాట్లాడకుండా ఉండొచ్చు. ఆ గుమ్మం తొక్కి "నేను ఆ రాత్రి ఉన్నానని రాసివ్వు" అని అడగాలి.

మన దగ్గర 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను వచ్చినప్పుడు తోటి ఖైదీ సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్లకి ఆ గుమ్మం ఎంత ఎత్తుగా ఉంటుందో తెలుసు.

అధికారుల అనుమానం పూర్తిగా అన్యాయం అనలేను. సంధి కుదిరి ప్రమాదం తప్పాక దళాల్లో చేరినవాళ్లు బోలెడుమంది. అలాంటివాళ్లని ఊళ్లో ఎగతాళిగా ట్రూసిలీర్లు అనేవారు, అంటే సంధి సైనికులన్నమాట. వాళ్లని జల్లెడ పట్టాలి, నిజమే. అందుకే ప్రమాణం చేయించి ప్రశ్నించారు, బ్రిగేడ్ల వారీగా పాత నాయకుల చేత సభ్యుల జాబితాలు రాయించారు. ఆ జల్లెడకి పేరు 'క్రియాశీల సేవ'. ఎదురుకాల్పుల్లో ఉన్నవాడు నిలిచాడు. రోడ్డు తవ్వినవాడు, కాపలా కాసినవాడు, కూడు పెట్టినవాడు చాలావరకు జారిపోయారు. రెండు చట్టాల కింద దాదాపు 82,000 మంది దరఖాస్తు పెట్టుకుంటే సుమారు 15,700 మందికే పింఛను దక్కింది.

దక్కినవాళ్లనీ ఎ నుంచి ఇ దాకా తరగతులు చేశారు. కిల్‌మైకేల్ నాయకుడు టామ్ బ్యారీకే మొదట బి తరగతి ఇచ్చారు. అది తనకి అవమానమని ఆయన పోట్లాడి ఎ తెచ్చుకున్నాడు. బ్యారీకే అంత పోరాటం అవసరమైతే మన పార మనిషి సంగతేమిటి? ఆడవాళ్లకైతే అట్టడుగు రెండు తరగతులే. 1916 డబ్లిన్ తిరుగుబాటులో మూడు తూటాలు తిన్న మార్గరెట్ స్కినిడర్ అంతకుముందే గాయాల పింఛను అడిగితే, చట్టంలో సైనికుడంటే మగవాడనే అర్థమని తిప్పి పంపారు. ఆమెకి పింఛను వచ్చింది 1938లో.

ఆ దరఖాస్తులు ఇప్పుడు డబ్లిన్‌లో కాతల్ బ్రూహా బ్యారక్స్‌లోని సైనిక పత్రాగారంలో ఉన్నాయి. 2014 నుంచి విడతలుగా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. నాకైతే నెగ్గినవాళ్లకంటే ఓడినవాళ్ల కాగితాలే ఎక్కువ చెబుతాయి. నెగ్గినవాడు ఫలానా దాడిలో ఉన్నానని ఒక ముక్కలో తేల్చేస్తాడు. నెగ్గనివాడు ఏ మలుపు దగ్గర తవ్వాడో, ఎవరింట్లో తుపాకులు దాచాడో, తన లెక్క ఎక్కడైనా తేలుతుందేమోనని అన్నీ రాస్తాడు.

మన రైతు దరఖాస్తు తిరిగి వచ్చింది అనుకుందాం. 1941లో ప్రభుత్వం ఆ యుద్ధానికి పతకం పెట్టింది. రిబ్బను సగం నలుపు, సగం గోధుమ రంగు. పోరాడినట్టు తేలినవాళ్ల పతకానికి పైన 'కోమ్‌రక్' అన్న పట్టీ ఉంటుంది, ఐరిష్‌లో పోరాటం అని అర్థం. తక్కినవాళ్లది పట్టీ లేని పతకం. పింఛను రానివాళ్లలో కొందరికి ఎన్నో ఉత్తరాల తర్వాత ఆ పట్టీ దక్కింది. అది చేతికొచ్చి, ముసలితనం వల్లో జబ్బు వల్లో పని చేసుకోలేని స్థితిలో ఉంటే ప్రత్యేక భృతి అడగొచ్చు, ఆస్తి లేకపోతే.

ఆ లేమిని తేల్చడానికి అధికారి ఇంటికి వస్తాడు. ఎకరాలు రాసుకుంటాడు, ఆవులు రాసుకుంటాడు. పెరట్లో కోళ్లు ఎన్నని అడుగుతాడు. ముసలామె గుమ్మంలోంచి లెక్క చెబుతుంది. 1920 చలికాలంలో, అర్ధరాత్రి తలుపు తట్టిన కుర్రాళ్లకి ఆమె గుడ్లు ఉడకబెట్టి పెట్టింది ఈ పెరటి కోళ్లవే. ఆ గుడ్లకి మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు.